కాలని నూనె

నాయన ఆ పంపును ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. మా ఊరు వడమాలపేట నుంచి తిరుపతి దాకా బస్సులో, గోనెపట్టాలో చుట్టి, పక్క సీటు ఖాళీగా ఉన్నా కింద పెట్టకుండా. రేణిగుంట రోడ్డులో నా షెడ్డు ముందు ఆటో దిగేసరికి ఆయన తెల్ల పంచె తొడల మీద అరచేతి వెడల్పున నూనె మరక దిగి ఉంది. డ్రైవరు చేత పంపిస్తే సరిపోయేది కదా, నువ్వెందుకు మోసుకొచ్చావు అని అడిగాను. సూద్దామని అన్నాడు. ఏం చూద్దామని అని నేను అడగలేదు. ఆ రోజుల్లో నేనెవరినీ రెండో ప్రశ్న అడిగేవాణ్ణి కాదు.

అన్న ఎండాకాలం మొదట్లో పోయాడు. నాయన పంపు తెచ్చేనాటికి మామిడికాయల లారీలు కూడా రోడ్డు మీద పలచబడ్డాయి. అన్నకు మట్టి తవ్వే బండి ఉండేది, ముందు పెద్ద బకెట్టు, వెనక తవ్వే చెయ్యి ఉండే పసుపు బండి. పుత్తూరు దగ్గర ఎవరిదో ఇంటికి పునాది తవ్వుతూ, బకెట్టు గాల్లో ఉండగానే, సీట్లోనే గుండె ఆగిపోయింది. కింద పనివాళ్లు ఫోను చూసుకుంటున్నాడేమో అనుకున్నారట. విషయం తెలిశాక కూడా ఇంజను నడుస్తూనే ఉంది, ఎలా ఆపాలో అక్కడ ఎవరికీ తెలియలేదు. పక్క స్థలంలో ట్రాక్టరు తోలే మనిషెవరో వచ్చి ఆపాడు.

నేను వెళ్లేసరికి అన్నను దించి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. నేను ముందు బండి దగ్గరికి వెళ్లి ఇంజను మూత మీద చెయ్యి వేసి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది. ఆ తర్వాత అన్న దగ్గరికి వెళ్లాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నాకు ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, దినాల్లోనూ రాలేదు. గుండె రాయి చేసుకున్నాడు, పెద్దదిక్కు తనే కదా ఇంక, అన్నారు బంధువులు. నేనేమీ చేసుకోలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు ఎవరైనా గిల్లితే గిల్లుతున్నారని కంటికి కనిపిస్తుంది గానీ తెలియదు చూడండి, అలా ఉండేది. అన్నం తినేవాణ్ణి. షెడ్డు తెరిచేవాణ్ణి. ట్రాక్టర్లవీ టిప్పర్లవీ క్రేన్లవీ పంపులు వచ్చేవి, విప్పేవాణ్ణి, బిగించేవాణ్ణి. పని మీద చిరాకు మాత్రం పోలేదు. ఎవడైనా స్క్రూడ్రైవరుతో పొడిచి పంపు మూత లేపితే వాడికి ఆ రోజు మూడేది.

ఇంట్లో గొడవ బండి గురించి. వదిన దాన్ని అమ్మేద్దామంది. గూడూరు నుంచి ఒకాయన వచ్చి చూసిపోయాడు, నిమ్మతోటలున్న మనిషి, నడిచే స్థితిలో ఇస్తే తీసుకుంటానన్నాడు. నాయన ససేమిరా అన్నాడు. డ్రైవరును పెట్టి నడిపిస్తున్నాం కదా, నడవనీ అన్నాడు. వదిన పుత్తూరులో ఒక కుట్టు కేంద్రంలో పనిచేస్తుంది, తన కాళ్ల మీద తను నిలబడగలదు, బండి మీద ఆధారపడిన మనిషి కాదు. ఆమెకు కావాల్సింది ఒకటే, అది ఇంటి ముందు నుంచి పోవాలి. నేను వెళ్లినప్పుడు ఒకసారి పెరట్లో గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా చెప్పింది.

"పొద్దున డ్రైవరు స్టార్ట్ చేస్తానే నేను లేసి క్యారియరు కడతా ఉండాను. కట్టినాక గుర్తొస్తాది. మామకు నువ్వే సెప్పాల."

నేను చెప్పాను. నాయన వినలేదు. ఎందుకు వద్దో కారణం చెప్పడు, వద్దంటాడు అంతే. ముసలాయన మొండికేశాడు అనుకున్నాం ఇద్దరమూ.

ఆ బండి వచ్చింది చేను అమ్మితే. మాకు వంక పక్కన చేను ఉండేది. బోరు ఎండిపోయి, వేరుశనగ రెండుసార్లు పోయాక, అన్న ఆ చేను అమ్మి బండి కొందామన్నాడు. నాయన పెద్దగా కాదనలేదు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పోతే మూడోనాడు బూడిద ఎత్తాక ఏట్లో కలుపుతాం, ఒక పిడికెడు మాత్రం ఉంచి సొంత చేలో చల్లి ఆ ఏడు దుక్కిలో దున్నేస్తాం. మా తాత, జేజి, చిన్నప్పుడే పోయిన మా అమ్మ, అందరూ ఆ చేలోనే ఉన్నారు. చేను అమ్ముతాననగానే నాయన, "నన్ను యాడ కలుపుతార్రా మరి?" అన్నాడు. అన్న నవ్వి ఏదో అన్నాడు. నాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత చేను పోయింది, బండి వచ్చింది, చేలో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు వేశారు.

ఇప్పుడు ఆ బండికి పంపు పోయింది, నూనెను తోసి బకెట్టును ఎత్తే పంపు. పొద్దున బాగానే ఎత్తుతుందట. మధ్యాహ్నానికి నూనె వేడెక్కితే బకెట్టు సగంలో నిలబడి వణుకుతుందట. ఇది పంపు లోపల అరిగిపోయిందనడానికి గుర్తు. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి సందుల్లోంచి జారదు, పలచబడ్డాక జారిపోతుంది. డ్రైవరుకు ఫోను చేసి, పంపు ఊడదీసేటప్పుడే ట్యాంకులో నూనె వంచేసి పెట్టమని చెప్పాను. పెద్దాయన వంపనియ్యలేదు సార్, గొట్టానికి గుడ్డ కుక్కి ఉంచమన్నాడు అన్నాడు. నూనె వృథా అవుతుందని కాబోలు అనుకుని ఊరుకున్నాను.

వదినకూ నాయనకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పంపు బాగయ్యేదైతే బండి ఉంటుంది, కాకపోతే గూడూరాయనకు తక్కువకైనా ఇచ్చేస్తారు. బాగవుతుందో లేదో చెప్పాల్సింది నేను. అందుకే నాయన ఆ పంపును ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

నా షెడ్డులో బల్ల మీద ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ పరిచి ఉంటుంది. నాయన పాత పంచెలు ఉతికి చింపి వాడతాను. బజారులో దొరికే నూలు వేస్టు పోగులు వదులుతుంది, ఒక్క పోగు సీలు కింద పడితే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది. అరిగిన పంచె పోగు వదలదు. నాయన ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కుని బల్ల అంచున కూర్చున్నాడు. టీ తెప్పించాను. తాగకుండా పక్కన పెట్టాడు.

ముందు పంపును బయట డీజిలుతో కడిగాను. ఆ తర్వాత మూతలకూ మధ్య ఒంటికీ అడ్డంగా పంచి అనే ఉక్కు మేకుతో చిన్న గాట్లు పెట్టాను, ఏ ముక్క ఏ వైపు ఉండిందో మళ్లీ అలాగే కూర్చోవాలి. ఈ పంపులో రెండు గేర్లు పళ్లలో పళ్లు వేసుకుని తిరుగుతాయి. వాటికి అటూ ఇటూ బుష్షులు, గేర్లు ఆనుకుని తిరిగే లోహపు దిమ్మలు, ఆ బుష్షుల వెనక మూడు అంకె ఆకారంలో రబ్బరు సీళ్లు. తలకిందులుగా కూర్చోబెడితే స్టార్టు చేసిన క్షణంలో ఒత్తిడి తప్పుదారి పట్టి షాఫ్టు సీలును బయటికి ఉమ్మేస్తుంది. బోల్టులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి కొంచెం కొంచెం వదులు చేసి, చెక్కసుత్తితో చుట్టూ తట్టి మూత తీశాను. ఒక్కో ముక్కా వచ్చిన వరసలోనే పంచె మీద పేర్చాను.

పంపు విప్పితే దాని బాధ ఏమిటో అదే చెబుతుంది. ఇసుక లోపలికి పోయి ఉంటే బుష్షు ముఖం మీద గీతలుంటాయి, గోరు పెట్టి లాగితే తట్టుకుంటుంది. గాలి పీల్చి ఉంటే పళ్ల మొదట్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. నూనె తక్కువై కాగి ఉంటే నల్లగా కమిలి ఉంటుంది. నూనె పీల్చే వైపు గోడ మీద గేర్లు రాసుకున్న జాడ ఉంటుంది, అది ఉండాల్సిందే, ఒత్తిడి వాటిని అటు తోస్తుంది. ఆ జాడ లోతును మాత్రం చూడాలి. చూశాను. లోతు లేదు, పంపు ఒళ్లు బాగుంది.

బుష్షులు మాత్రం నేనెప్పుడూ చూడని విధంగా ఉన్నాయి. గీత లేదు, గుంట లేదు, కమలలేదు. ముఖమంతా ఒకే తీరుగా మసకబారి ఉంది. గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టుకోలేదు. ఇంజను వాల్వులకు మెత్తటి పేస్టు రాసి నూరుతారు, ఆ పని చేసిన లోహం అలా ఉంటుంది. ఎవరో కూర్చుని ఓపికగా నూరినట్టుంది. వేళ్లతో బుష్షు వెనక సీలు గాడిలో తుడిస్తే బూడిదరంగు ముద్ద వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాను. ముందు మెత్తగా జారింది, నూనె పోయాక కొంచెం గరగరలాడింది. ఇసుక కాదు. సిమెంటు అయితే గట్టిపడేది. పంచెకు తుడుచుకున్నాను, తెల్లటి గుడ్డ మీద బూడిద చార పడింది.

బూడిద ఇటుకల బట్టీ అనుకున్నాను. ఈ మధ్య అందరూ బూడిద ఇటుకలే చేస్తున్నారు, ఆ కుప్పలు ఎత్తిపోయడానికి ఇలాంటి బండ్లనే పిలుస్తారు. అక్కడ నూనె మూత తీసి ఉంచితే చాలు, లోపలికి పోతుంది. నాకు ఒళ్లు మండింది. ఆ మూడు నెలల్లో నాకు తెలిసివచ్చింది ఆ మంట ఒక్కటే. అక్కడే డ్రైవరుకు ఫోను చేసి, ఏ బట్టీకి పోయావు, ఎవరిని అడిగి పోయావు, మూత ఎందుకు తెరిచావు అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు పెట్టాడు, ఏ బట్టీకీ పోలేదన్నాడు. కాణిపాకంలో తప్పుడు ప్రమాణం చేయడానికి మా జిల్లాలో ఎవరూ సాహసించరు. అయినా నేను వినలేదు. రేపటి నుంచి పనికి రావద్దు అని ఫోను పెట్టేశాను.

నాయన అప్పటిదాకా పంచె మీద పడిన ఆ చారనే చూస్తున్నాడు.

"రేయ్, ఆ పిల్లోణ్ణి ఏమీ అనబాక" అన్నాడు. "వాడు యాడికీ పోలేదు. ఆ బూడిద మీ అన్నది."

నాకు అర్థమైంది. కానీ అర్థం కానట్టు చూశాను. నాయన తల ఎత్తకుండానే మిగతాది చెప్పాడు. మూడోనాడు ఎత్తినప్పుడు ఒక పిడికెడు తువ్వాలు కొంగులో ముడి వేసుకున్నాడట. ఏటి దగ్గర అందరూ స్నానాలు చేస్తుంటే ఆ తువ్వాలు మాత్రం తడవకుండా గట్టున పెట్టాడట. ఇంటికి వచ్చి, ఎవరూ చూడకుండా బండి నూనె ట్యాంకు మూత తీసి, జాలీలోంచి వేళ్లతో నలిపి లోపలికి వదిలాడట. చేను ఉంటే చేలో చల్లేవాడు, చేను లేదు, చేను పెట్టి కొన్నది బండే కదా.

అప్పుడు గుర్తొచ్చింది, చేను అమ్మేటప్పుడు అన్న నవ్వుతూ అన్న మాట. బండిలో కలుపుతాంలే నాయనా, ఊరూరా తిరిగొస్తావు అన్నాడు.

ట్యాంకులోనే ఎందుకు వేశావని అడిగాను. అది నేను చాలాకాలానికి అడిగిన రెండో ప్రశ్న.

"డీజిలు కాలిపోతాది. వాణ్ణి ఒకసారి కాల్చినాం గదా. ఈ నూనె కాలేది కాదు నాయనా, తిరగతా ఉంటాది అని మీ అన్నే ఒకసారి నాకు సెప్పినాడు."

నిజమే. ఈ నూనె కాలదు. ట్యాంకులోంచి పంపుకు, పంపు నుంచి చేతులకూ బకెట్టుకూ పోయి, మళ్లీ ట్యాంకులోకి వస్తుంది. దారిలో ఫిల్టరు ఉంటుంది గానీ అది నిండిపోతే పక్కదారి తెరుచుకుని నూనె అలాగే పోతుంది. బూడిద అలా తిరుగుతూనే ఉండి ఉంటుంది. బకెట్టు ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా. నాయన బండి ఎందుకు అమ్మనివ్వలేదో, డ్రైవరును నూనె ఎందుకు వంపనివ్వలేదో నాకప్పుడు తెలిసింది. ఆయనకు తెలియనిది ఒక్కటే, అది పంపును నూరేస్తుందని. ఆ సంగతి నేను చెప్పనక్కర్లేకపోయింది. బల్ల మీద మసకబారిన బుష్షులు ఆయన కళ్ల ముందే ఉన్నాయి.

డ్రైవరుకు మళ్లీ ఫోను చేసి రేపు రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. తప్పు నాది అని మాత్రం చెప్పాను.

ఆ తర్వాత పంపు బిగించాను. ఇంకేం చేయాలో తెలియకపోతే చేతిలో ఉన్న పని చేయడమే. గేర్ల పక్కముఖాలను సన్నటి రాయి మీద నూనె వేసి చదును చేశాను. పాత బుష్షులు తీసేసి కొత్తవి తీశాను, సీళ్లన్నీ కొత్తవి. ప్రతి ముక్కనూ శుభ్రమైన డీజిలులో కడిగి, గాలి కొట్టి, పంచె ముక్కతో తుడిచి, వెలుతురులో పెట్టి చూశాను. సీలు గాడుల్లో ఇంకా కొంచెం బూడిద పట్టుకుని ఉంది. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి తీశాను. మామూలుగా అలాంటి గుడ్డలు డబ్బాలోకి విసిరేస్తాను. ఆ గుడ్డలు విసరలేదు. మడిచి నాయన చేతికి ఇచ్చాను, ఆయన తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కడిగిన డీజిలును కూడా వేరే డబ్బాలో పోసి మూత పెట్టాను.

బుష్షు ముందు, గేర్లు తర్వాత. పాత జతలోనే పళ్లు కలిపాను, అవి ఇన్నాళ్లూ ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. పైన రెండో బుష్షు, దాని గాడి ఒత్తిడి వైపుకు. మూడు అంకె సీలుకు నూనె రాసి గాడిలో కూర్చోబెట్టాను. షాఫ్టు గాట్లకు సన్నటి టేపు చుట్టి కొత్త సీలు పెదవి తెగకుండా దాని మీదుగా జరిపాను. పంచి గాట్లు ఒకదానికొకటి ఎదురుపడేలా మూత పెట్టి, బోల్టులు అడ్డంగా ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాను. కొంచెం బిగించడం, చేత్తో షాఫ్టు తిప్పి చూడటం, మళ్లీ బిగించడం. బిగుతుగా తిరగాలి గానీ ఎక్కడా పట్టుకోకూడదు. అది చూపుతో తెలిసేది కాదు, వేళ్లకు తెలియాలి. వేళ్లకు తెలిసింది. ఆ మాటకొస్తే ఇన్నాళ్లూ నాలో పనిచేసినవి ఆ వేళ్లే.

"బాగయిందా?" అన్నాడు నాయన.

అయిందన్నాను. ట్యాంకు మాత్రం మొత్తం వంచి కడగాలి, లేకపోతే ఇదీ పోతుంది అన్నాను. ఆయన చల్లారిన టీ ఎత్తి గుక్కలో తాగేశాడు.

మర్నాడు ఇద్దరం వడమాలపేటకు వెళ్లాం. ఆదివారం, వదిన ఇంట్లోనే ఉంది. డ్రైవరు వచ్చాడు, నా ముఖం చూడకుండా పంపు ఎక్కించడానికి సాయం చేశాడు. ట్యాంకు కింద ఖాళీ పీపా పెట్టి మర తిప్పబోతుంటే నాయన వచ్చి దాని మీద చెయ్యి వేశాడు. తిప్పనివ్వడు, పక్కకు తప్పుకోడు. వదిన గడపలో నిలబడి చూస్తోంది. ఏందిది మామా అని అడిగింది. ఆయన చెప్పడు. చివరికి నేనే చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక పంపు గురించి చెప్పినట్టే చెప్పాను, బుష్షులు ఇలా అరిగాయి, సీలు గాడిలో ఇది దొరికింది, అది ఇలా వచ్చింది అని.

వదిన గడప దిగి వచ్చింది. బండిని ఆమె అంత దగ్గరగా చూడటం అన్న పోయాక అదే మొదటిసారి. ట్యాంకు వంక చూసింది, నాయన చెయ్యి వంక చూసింది. గొంతు పెంచలేదు.

"అంటే సచ్చినాక గూడా ఆయన్ని పనికి పంపిస్తా ఉండారా మామా?" అంది. "రోజూ పొద్దున్నే పోయింది ఆయనేనా?"

వదిన లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. నేను అసూయపడ్డానంటే నమ్ముతారో లేదో, నిజంగా అసూయపడ్డాను. నాయన కాసేపటికి మర మీది చెయ్యి తీశాడు. తియ్యి అన్నాడు నాతో. నేను తిప్పాను. నూనె లావుగా, నల్లగా, చప్పుడు లేకుండా పీపాలోకి దిగింది. అడుగున మిగిలిన మడ్డిని చేత్తో ఊడ్చి తీసి అందులోనే వేశాను. షెడ్డు నుంచి తెచ్చిన డబ్బా కూడా అందులోనే వంచాను.

దాన్నెక్కడ పోద్దాం అని అడిగాను. చేను ఉన్న చోటికి తీసుకెళ్దామా అన్నాను. నాయన తల అడ్డంగా ఊపాడు. అంత నూనె పోస్తే నేల చచ్చిపోతుంది, మరొకరిదైనా నేల నేలే కదా అన్నాడు. అన్నీ పోయినా రైతు బుద్ధి పోలేదు ఆయనకు. నేను పెరట్లో నీడకు పీపా చేర్చి మూత పెట్టి, కదిలించకుండా వదిలేయమన్నాను. కదిలించకపోతే బరువున్నది అడుక్కి దిగుతుంది, నూనె పైన తేలుతుంది. ఎన్నాళ్లు అన్నాడు. దిగినన్నాళ్లు అన్నాను.

నాయన రోజూ పొద్దునా సాయంత్రం దాని పక్కన మంచం వేసుకుని కూర్చున్నాడట. కోళ్లు దగ్గరికి వస్తే అదిలించాడట. వదిన ఒక రోజు ఆ మంచం దగ్గరికే అన్నం తెచ్చి పెట్టిందట. ఈలోగా కొత్త నూనె పోసి బండిని ఒకసారి స్టార్టు చేసి చూశాం. ముందు పంపులోకి నూనె నింపి, గాలి పోయాక. మధ్యాహ్నం ఎండలో, నూనె బాగా వేడెక్కాక కూడా బకెట్టు వణక్కుండా పైకి పోయింది. పంపు బాగుంది. గూడూరాయనకు ఏం చెప్పాలని మాత్రం నేను ఎవరినీ అడగలేదు.

కొన్నాళ్లకు నాయన రమ్మన్నాడు. సన్న గొట్టం పెట్టి పైనుంచి నూనె తీశాను, అడుగు కదలకుండా, ఊపిరి బిగబట్టి. నూనె అంతా వేరే పీపాకు పోయాక అడుగున అరచేతికి సరిపడా నల్లటి ముద్ద మిగిలింది. పంచె ముక్క పరిచి అందులోకి తీసి ఇంకిపోవడానికి ఎండలో పెట్టాం. సాయంత్రానికి నూనె గుడ్డలోకి దిగి ముద్ద బూడిదరంగుకు వచ్చింది. ఎండ పడిన చోట సన్నగా మెరుస్తోంది. ఆ మెరుపు ఏమిటో నాకు తెలుసు. బుష్షుల నుంచి అరిగిన లోహం అది.

నాయన గుడ్డ మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఇందులో వాడెంత?"

పొడి రుద్ది చూసి ఏది ఇసుకో ఏది ఇనుమో చెప్పడం నా బతుకుదెరువు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాను. మెత్తగా ఉంది, గరగరగా ఉంది, రెండూ ఒకటే అయిపోయాయి. వాడు నూరిన లోహమూ లోహం నూరిన వాడూ. నేను వేరు చేయలేను.

"అంతా వాడే నాయనా" అన్నాను.

ఆయన షెడ్డులో నేనిచ్చిన గుడ్డ ముక్కలను కూడా అందులోనే పెట్టి ఆ గుడ్డను నాలుగు మూలలా ముడి వేశాడు.

మా చేను చివర, వంక పక్కన, ప్లాట్ల రాళ్లకు అవతల కొంచెం నేల ఎవరూ కొనకుండా మిగిలిపోయి ఉంది. ఎవరి లెక్కలోనూ లేని నేల. అక్కడికి బండి తీసుకెళ్దామన్నాడు నాయన. డ్రైవరు తోలబోతే వద్దు, నువ్వు తోలు అన్నాడు నాతో. బాగుచేసిన బండ్లను పరీక్షించడానికి నాకు తోలడం వచ్చు. కానీ ఆ సీట్లో అన్న పోయాక నేను కూర్చోలేదు. కూర్చున్నాను. సీటు మీద అన్న వేసుకున్న పూసల చాప ఇంకా అలాగే ఉంది. వదిన కూడా వచ్చింది, నాయనతో పాటు వెనక నడుచుకుంటూ, తల మీద కొంగు కప్పుకుని.

వెనక చెయ్యి దించి ఒక్క బకెట్టు మట్టి తీశాను. చిన్న గుంత చాలు. నాయన వంగి ముడి గుంతలో పెట్టాడు. వదిన గుప్పెడు మట్టి వేసింది. ఇద్దరూ పక్కకు జరిగారు. నేను లివరు ముందుకు తోశాను. మట్టి నిండిన బకెట్టు కదిలింది. నేను బిగించిన పంపు, కొత్త నూనె, ఒక్క వణుకు కూడా లేదు. లివరులోంచి అరచేతికి తెలుస్తోంది ఆ బరువు, ఎంత మట్టి ఉందో, ఎంత మెల్లగా దిగుతోందో. నేను అన్న మీద మట్టి పోస్తున్నాను. బకెట్టు వీపుతో మెల్లగా అదిమాను, నేల చదునయ్యే దాకా.

"ఇంక సాలు" అన్నాడు నాయన. "వాణ్ణి పనిలో నుంచి దించేసినాం. గూడూరాయనకు ఫోను సెయ్యి."

ఆయన వెనక్కి తిరిగి నడిచాడు. వదిన ఆయన పక్కన నడిచింది. నేను సీట్లోనే ఉన్నాను, బండి నడుస్తూనే ఉంది. వాళ్లు కొంత దూరం పోయి నేను రావడం లేదని ఆగి చూశారు. ఇంజను ఆపాలి. ఆ రోజు పుత్తూరులో ఈ ఇంజనును ఆపింది ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి. అన్న ఒళ్లు చల్లబడుతుంటే ఇది నడుస్తూనే ఉండింది, ఆపడానికి మా వాళ్లెవరూ అక్కడ లేరు. నేను తాళం మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. తర్వాత తిప్పాను. చప్పుడు ఆగిపోయింది, వంకలో ఏవో పిట్టలు అరవడం వినబడింది. అప్పుడు వచ్చింది ఏడుపు. నాయన, వదిన దూరంగా నిలబడే ఉన్నారు, దగ్గరికి రాలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఆగి, నేను దిగాక ముగ్గురం కలిసి ఇంటికి నడిచాం.